చంద్రవ్వ మేళం మాట్లాడుకున్న రోజు

మా అత్త చంద్రవ్వ తన చావుకు మేళం మాట్లాడుకోవడానికి జాతరకు బయలుదేరింది. ఆ మాట కూడా ఎంత తేలిగ్గా అన్నదంటే, సంతకు పోయి చీపురుకట్ట తెస్తానన్నట్టు అన్నది. నేను పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టె కొడుతున్నాను. పిండి చేతులతోనే ఒంటికాలి మీద లేచాను.

"ఏందత్తా, నీ దిమాక్ గిట్ల ఖరాబైందా? మంచిగ తింటున్నవ్, తిరుగుతున్నవ్, పొద్దుమాపు నన్ను తిడుతున్నవ్. సచ్చేటోళ్ళు గిట్లుంటరా?"

"సచ్చినంక నేను లేసి పోయి మాట్లాడుకుంటనానే? బతికున్నప్పుడే సూసుకోవాలె," అన్నది ఆమె, తల దువ్వుకుంటూ.

నాకు కోపం ఎక్కువ. ఊళ్ళో అందరూ అంటారు, నేనూ కాదనను. కానీ ఆ కోపం కింద ఇంకోటి ఉంది. ఇరవై ఏళ్ళ కింద నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి ఆమె, నేను పోట్లాడుకోని రోజు లేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నాకు ఆ ఉత్తమురాలి బిరుదు అక్కర్లేదు. ఆమె లేని ఇంట్లో నేనెవరితో పోట్లాడాలి?

అది మా రాష్ట్రం పేరు మైసూరు పోయి కర్ణాటక అయిన మరుసటి ఏడు. మా ఊరు బీదరు జిల్లాలోని నిర్ణాకు గంట నడక. పుష్యమాసంలో నిర్ణా అవతలి మైదానంలో జాతర జరుగుతుంది. మొదటి రెండు రోజులు దేవుడివి. మూడో రోజును మేళాల రోజు అంటారు. చుట్టుపక్కల ఊళ్ళ బ్యాండువాళ్ళు, భజనవాళ్ళు, సన్నాయివాళ్ళు పొద్దు పొడవగానే వచ్చి, ఎవరి జాగాలో వాళ్ళు నిలబడి వాయిస్తారు. ఇంట్లో పెళ్ళో, పసిబిడ్డను తొట్టెలలో వేసే పండుగో ఉన్నవాళ్ళు అన్నీ విని, నచ్చిన మేళం చేతిలో ఆకూ వక్కా పెట్టి, ఎవరి కోసమో పేరు చెబుతారు. పేరు చెప్పాక మేళంవాళ్ళు మాట తప్పకూడదు, ఆకు ఇచ్చినవాళ్ళు పేరు మార్చకూడదు. ఆకులో పేరు పడ్డది అంటారు. నిండా బతికి పోయిన ముసలివాళ్ళను కూడా మేళంతోనే సాగనంపడం మా వైపు ఆనవాయితీ. కాకపోతే మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు పరుగెత్తుతారు. ఎవరి ఆకు వాళ్ళే ఇచ్చుకున్నది మాత్రం నేను ఎన్నడూ వినలేదు.

ఆమె ఎందుకు ఇంత పట్టుబట్టిందో నాకు తెలుసు. మా మామ నలభై ఎనిమిదిలో పోయాడు, పోలీసు చర్య జరిగిన నెలలో. ఊళ్ళన్నీ తలుపులకు గొళ్ళేలు పెట్టుకొని బిక్కుబిక్కుమంటున్న రోజులు. చలిజ్వరం వచ్చి మూడు రోజుల్లో కన్నుమూశాడు. డప్పు మోగితే ఎవరు వచ్చి పడతారోనని పెద్దలు వద్దన్నారు. నలుగురు మనుషులు మాటా పలుకూ లేకుండా మోసుకుపోయి, మా చేను గట్టున పూడ్చిపెట్టి వచ్చారు. జాతరలో ఏ మేళం నచ్చితే దాని వెంట ఊళ్ళు దాటిపోయే మనిషట ఆయన. అలాంటివాడు చిన్న తాళం చప్పుడు కూడా లేకుండా పోయాడు.

"సప్పుడు లేకుంట పోయినోనికి తోవ దొరుకదే," అనేది మా అత్త. "గా గట్టు మీదనే కూసున్నడు ఇంక."

అందుకే చేనుకు పోయినప్పుడల్లా ఆ మట్టిదిబ్బ పక్కన కూర్చొని మాట్లాడేది. వాన సంగతి, ఎద్దుల సంగతి, నా నోటి సంగతి. మొదట్లో నేను నవ్వేదాన్ని. తర్వాత నవ్వడం మానేశాను. తనకూ ఆ గతి పడుతుందేమోనని ఆమె లోపల లోపల వణికిపోయేది.

మా ఇంటాయనతో నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పాను. ఆయన కొడవలి భుజాన వేసుకుంటూ, "తోల్కపోయే. జాతర సూసినట్టుంటది, ఫికర్ జేయకు," అని చేనుకు పోయాడు. ఈ ఇంట్లో ఫికర్ చేసేదాన్ని నేనొక్కదాన్నే.

మేం బయలుదేరేసరికి మంచు కురుస్తోంది. తోవకు రెండు పక్కలా జొన్నచేలు ఉన్నాయన్నది మాకు తెలుసు గానీ కనిపించడం లేదు. నా ముందు నాలుగడుగుల్లో నడుస్తున్న మా అత్త కూడా ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతోంది. నేను మూతి ముడుచుకొని నడుస్తున్నాను. అంతలో ఎక్కడో డోలు మోగింది. తర్వాత ఇంకో పక్క నుంచి బూర. ఆ వెనక ఎవరో పాడుతున్నారు. చప్పుళ్ళు మంచులోంచి వస్తున్నాయి తప్ప ఎటు నుంచి వస్తున్నాయో తెలియడం లేదు. కాసేపటికి నా కాళ్ళు నన్నడగకుండానే డోలు దెబ్బకు పడుతున్నాయి. కోపంగా ఉన్న మనిషికి అది ఎంత అవమానమో చూడండి. ఆపుదామని చూశాను, ఆగలేదు.

మైదానం చేరేసరికి ఎండ వచ్చింది. మంచు లేచిపోయి ఎర్రమట్టి తడితడిగా మెరుస్తోంది. ఎక్కడ చూసినా మేళాలే. ఒకదాని పాటలోంచి నడిచి ఇంకోదాని పాటలోకి పోతాం. మధ్యలో రెండూ కలిసే జాగా ఒకటి ఉంటుంది. అక్కడ నిలబడితే ఎవరూ కట్టని మూడో పాటేదో వినపడుతుంది. నేను అలాంటి జాగాలో భజ్జీల పొట్లం పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా అత్త వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకొని లాక్కుపోయింది.

మొదట బీదరు బ్యాండు. పన్నెండు మంది, ఎర్రకోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. సినిమా పాటలు. పెద్ద బూర ఊదే ఆయన బుగ్గలు పగిలిపోతాయేమో అన్నట్టున్నాడు. దగ్గరికి పోతే కోట్లకు మోచేతుల దగ్గర అతుకులు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అనుకున్నాను. కానీ పిల్లలు వాళ్ళ చుట్టూ తెగ ఎగురుతున్నారు.

"ఎట్లుంది అత్తా?"

"మంచిగనే ఉంది. గంత పెద్ద బూర ఊదితే సచ్చినోడు లేసి కూసుంటడు. నాకొద్దు," అన్నది.

తర్వాత ధన్నూర భజన మండలి. కింద జంపఖానా పరుచుకొని, హార్మోనియం, తబలా, చిడతలు. పాడే ఆయన గొంతు బెల్లప్పాకం. ఎండ వీపు మీద పడుతోంది. గొంతు ఒకే తీరుగా పోతోంది. పక్కకు చూసేసరికి మా అత్త తల వాల్చేసింది. నేను కూడా కళ్ళు మూసుకున్నాను. నిద్రా కాదు, మెలకువా కాదు. మా అమ్మగారింట్లో పుట్టినప్పటి నుంచి విన్న తిరగలి చప్పుడు నా చెవుల్లో తిరిగింది. మా అమ్మ పోయి పదేళ్ళయింది. ఆ పాట ఆగేదాకా ఆమె నా పక్కనే పిండి విసురుతూ కూర్చుంది.

"నిద్ర కమ్మగ పట్టింది," అన్నది మా అత్త లేస్తూ. "గానీ నేను పోయేటప్పుడు నేనే నిద్రపోతే ఎట్లనే? ఎవ్వరెవ్వరు వచ్చిన్రో సూడాలె గద."

మరాఠీ సరిహద్దు నుంచి వచ్చిన లెజీమ్ కుర్రవాళ్ళు చేతుల్లో గొలుసుల కర్రలు ఝల్లుమనిపిస్తూ వంగి లేస్తూ ఆడుతున్నారు. అది మాత్రం నాకు ప్రాణం లేచొచ్చినట్టనిపించింది. "గీళ్ళను మాట్లాడుకో అత్తా," అనేశాను. అని నాలుక కరుచుకున్నాను. పొద్దున వద్దని అరిచినదాన్ని, ఇప్పుడు నేనే బేరానికి దిగాను.

ఆమె నా మొహంలోకి చూసి ముసిముసిగా నవ్వింది. "నీకు నచ్చిన్రా? అయితే నువ్వు పెట్టుకో నీకు. గీళ్ళెంట పోతే నాకు కాళ్ళు నొస్తయ్."

అలా తిరిగి తిరిగి, మైదానం చివర గడ్డివాముల దాకా పోయాం. అక్కడ ముగ్గురే ముగ్గురు. ఒకాయన సన్నాయి, ఒకాయన నడుముకు కట్టుకున్న జంట డోళ్ళు, ఇంకొకాయన తాళాలు. కోట్లు లేవు, జంపఖానా లేదు, చుట్టూ మనుషులు కూడా లేరు. సన్నాయి ఆయన పేరు మాణిక్యప్ప అని తర్వాత తెలిసింది. ఏభై ఏళ్ళుంటాయి. పని ఉన్న రోజుల్లో ఎర్రరాయి కొడతాడట, వేళ్ళు చూస్తేనే తెలుస్తుంది.

ఆయన ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలియలేదు. వింటున్నానని తెలిసేసరికి చాలాసేపటి నుంచి వింటున్నాను. గట్టిగా ఊదడం లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు ఊదుతున్నాడు. డోలు ఒక అడుగు వేసి ఆగుతోంది, మళ్ళీ ఒక అడుగు. దూరంలో బీదరు బ్యాండు మోగుతున్నది కూడా నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టైపోయింది. ఎండలో గడ్డిపరకలు గాలికి లేచి, కింద పడాలని గుర్తులేనట్టు పైనే తేలుతున్నాయి. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు వచ్చిందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. బాగుంది కాబట్టి వచ్చింది, అంతే.

మా అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "గిదే," అన్నది.

పాట ఆగాక కొంగుముడి విప్పి ఆకులూ వక్కలూ తీసింది. మాణిక్యప్ప తలగుడ్డ తీసి రెండు చేతుల మీద పరిచాడు. "పెండ్లి ఎవరిదవ్వా?"

"పెండ్లి గాదు నాయినా. సాగనంపుడు."

"అయ్యో. ఎవరు పోయిన్రు?"

"ఇంక పోలే."

తాళాలాయన కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. మాణిక్యప్ప చేతులు వెనక్కి తీసుకున్నాడు. "జీవమున్నోళ్ళ సావుకు ఎన్నడు ఆకు పట్టలేదవ్వా. మంచిది గాదు."

నాకు దొరికింది సందు. "గట్ల చెప్పు అన్నా! పొద్దుగాల నుంచి నేను గదే మొత్తుకుంటున్న. నా మాటంటే లెక్కలేదు, నీ మాటన్న ఇంటదేమో."

"నువ్వు నోర్ముయ్యే రాచమ్మా," అన్నది మా అత్త నా వైపు చూడకుండానే. తర్వాత ఆయనతో మెల్లగా అన్నది. "నాయినా, రేపు నేను పోయే పొద్దు వానుంటదో, లొల్లి ఉంటదో, ఎవ్వలకెరుక? సప్పుడు జేయొద్దని ఎవరన్న అంటే? నీ మాట ఇప్పుడే కావాలె నాకు. మాటిస్తే నువ్వొస్తవ్, నీ మొఖం సూస్తే తెలుస్తాంది."

ఆయన సన్నాయిని చంకలో ఇరికించుకున్నాడు. తర్వాత తలగుడ్డ మళ్ళీ పరిచాడు. "సరె అవ్వా. మంజూరే. ఎవరి పేరు మీద?"

ఆకులు గుడ్డలో పెట్టింది. వక్కలు పెట్టింది. నోరు తెరిచింది.

"దుర్గప్ప," అన్నది.

అది మా మామ పేరు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. రేషను కార్డు రాసే ఆయన ఎన్నిసార్లు అడిగినా, "మా కొడుకునడుగుండ్రి," అని మొహం తిప్పుకున్న మనిషి. ఇరవై ఏళ్ళలో ఆ పేరు ఆమె నోట నేను వినలేదు. అది విని ఆమే భయపడిపోయింది. చేత్తో నోరు మూసుకొని అక్కడే గడ్డి మీద కూలబడింది.

"తప్పు జెప్పింది అన్నా!" అని అరిచాను. "ఆమె పేరు చంద్రవ్వ. చంద్రవ్వ అని పెట్టు!"

మాణిక్యప్ప అప్పటికే గుడ్డ నాలుగు మడతలు పెట్టాడు. "పేరు పడ్డది చెల్లె. ఇగ మార్చొద్దు. దుర్గప్ప ఎవరు?"

చెప్పాను. నలభై ఎనిమిది, జ్వరం, నలుగురు మనుషులు, చేను గట్టు. మా అత్త కింద నుంచి చిన్నపిల్లలా అన్నది, "నేను నా పేరే చెప్పాలనుకున్ననే రాచమ్మా. నోట్లెకు ఆయనొచ్చిండు."

మాణిక్యప్ప ఆకుల మూట నడుముకు చుట్టుకున్నాడు. "ఆయన యాడున్నడు?" అని అడిగాడు. ఉన్నాడు అనే అడిగాడు.

"మా చేను గట్టున. గంట నడక," అన్నాను.

ఆయన తలెత్తి పొద్దు చూశాడు. "పొద్దు చానున్నది. నడువుండ్రి."

అలా బయలుదేరాం. ముందు తాళాలాయన, ఆయన వెనక డోలు, సన్నాయి. వాళ్ళ వెనక పాడె మోసేవాళ్ళు నడవాల్సిన జాగా ఖాళీగా వదిలారు. ఎవరూ చెప్పకుండానే వదిలారు. ఆ ఖాళీ వెనక మా అత్త, ఆమె పక్కన నేను. మైదానం మధ్యలోంచే పోయాం. భజనవాళ్ళు హార్మోనియం ఆపారు. లెజీమ్ పిల్లలు కర్రలు దించారు. బీదరు బ్యాండు పెద్ద బూర ఆయన మాత్రం మమ్మల్ని చూడక ఇంకో రెండు దమ్ములు ఊది, పక్కవాడు పొడిస్తే ఆగిపోయాడు.

తోవలో ఒక బండాయన ఎద్దులను ఆపి అడిగాడు. "ఎవరు పోయిన్రు తల్లీ?"

పొద్దున అయితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. "మా మామ," అన్నాను.

"అయ్యో. ఎప్పుడు?"

"నలభై ఎనిమిదిల."

ఆయన లెక్కలేమీ వేయలేదు. బండి దిగి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని మా వెంట నడిచాడు. కందిచేల్లో కట్టెలు ఏరుతున్న ఆడవాళ్ళు ఇద్దరు కలిశారు. జాతర నుంచి తిరిగిపోతున్నవాళ్ళు కొందరు కలిశారు. పొద్దున మంచులో కనిపించని జొన్నచేలు ఇప్పుడు రెండు పక్కలా కంకులు ఊపుతూ నిలబడ్డాయి. ఎండ పల్చబడింది. సన్నాయి ఒక అడుగు, డోలు ఒక అడుగు. మా ముందున్న ఆ ఖాళీలోకి దుమ్ము లేచి, వెలుగు పడి, నాకు ఒక్కోసారి అక్కడ మనుషులు మోస్తున్నట్టే అనిపించింది. ఆ ఖాళీని తొక్కకుండా జాగ్రత్తగా నడిచాను.

చేను దగ్గర మా ఇంటాయన మమ్మల్ని దూరం నుంచే చూశాడు. మేళం చూసి కొడవలి పారేసి పరుగెత్తుకొచ్చాడు. ముందు తల్లిని చూసి ఆగిపోయాడు. "ఎవరే?" అన్నాడు నాతో.

"మీ నాయిన," అన్నాను.

తండ్రి పోయినప్పుడు ఆయనకు పధ్నాలుగేళ్ళు. ఏడవొద్దని చెబితే ఏడవకుండా వెంట నడిచినవాడు. ఆయన వచ్చి ఆ ఖాళీ పక్కన, భుజం పట్టాల్సిన చోట నడిచాడు.

మాణిక్యప్ప దిబ్బ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ పాటను సన్నం చేశాడు. ఎప్పుడు ఆపాడో కూడా నాకు తెలియలేదు, మొదలుపెట్టినప్పుడు తెలియనట్టే. మా అత్త దిబ్బ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"విన్నవు గద," అన్నది. "నీ కోసమే గింత సప్పుడు. ఇగ పో. నాకు కావలి కూసున్నది సాలు. పో."

గాలి వీచింది. గట్టు మీద గడ్డి వంగి లేచింది. రోజూ వీచే గాలే అది, నేను అబద్ధం చెప్పను. కానీ మా అత్త తలెత్తి చేను అవతలికి చూసింది. అలా చూస్తూనే నా కొంగు పట్టుకుంది.

"పోయిండే రాచమ్మా," అన్నది. "ఆయన పోయిండు."

అప్పుడు ఏడ్చింది. ఇరవై ఆరేళ్ళు ఆ గట్టు మీద ఆయనతో వానలూ ఎద్దులూ మాట్లాడుకున్న మనిషి, నిన్న మొగుణ్ణి పోగొట్టుకున్నదానిలా గుండెలు బాదుకొని, ఊరి దాకా వినపడేలా ఏడ్చింది. రేపు చేనుకు వస్తే ఇక్కడ ఎవరుంటారు అన్నది. నేనామెను పట్టుకొని కూర్చున్నాను. నేనూ ఏడ్చాను. మా ఇంటాయన కొంచెం అవతల అటు తిరిగి నిలబడ్డాడు.

మేళంవాళ్ళు పోయారు, వెంట వచ్చినవాళ్ళూ ఒక్కొక్కరే పోయారు. పొద్దు వాలింది. చాలాసేపటికి ఆమె ముక్కు చీదుకొని చీర సర్దుకుంది. ఏదో ఒకటి అడగాలని, అడగకూడనిదే అడిగాను.

"మరి నీ సంగతి ఎట్లత్తా? నీ ఆకు ఆయనకు పాయె. మల్ల జాతరకు పోయి నీ పేరు జెప్పొద్దామా?"

"ఓసి నీ నోట్లె మన్నువడ!" అన్నది. "ఆయనను తోలిన పొద్దే నన్ను గూడ తోలుతవా? జల్ది ఏమున్నదే నాకు? ఆ పడమటి దిక్కు మేళాలు ఇంక వినకనే పోతిమి. వచ్చేయేడు పొద్దుగాలనే పోదాం." నా భుజం మీద చెయ్యేసి లేచి నిలబడింది. "ముందుగాల ఇంటికి నడువ్. ఆకలైతాంది."

ఆ పూట మా అత్త మూడు రొట్టెలు తిన్నది.